నల్లమల ఎక్కిన ఆల్కో

గుంటూరు నుంచి గుంతకల్లు వైపు వెళ్లే రైలు మార్కాపురం రోడ్, తర్లుపాడు, కంభం, గిద్దలూరు దాటి దిగువమెట్ట చేరేసరికి మెట్టపొలాలు వెనకబడి నల్లమల మొదలవుతుంది. పందొమ్మిదో శతాబ్దం చివర సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ఈ దారిని మీటర్ గేజిలో వేసింది. 1990లలో అది బ్రాడ్ గేజి అయింది. ఆ తర్వాత కరెంటు తీగలు వచ్చేదాకా ఈ కొండదారిలో బరువు మోసినవి డీజిల్ ఇంజన్లే. వాటిలో ముందువరుసలో నిలిచింది ఆల్కో జాతి. దడదడమనే ఆ మోత, బయల్దేరేటప్పుడు ఎగజిమ్మే నల్లపొగ ఈ ప్రాంతంలో పెరిగినవాళ్లకు ఇప్పటికీ గుర్తే.

ఈ మెట్టప్రాంతంలో డీజిల్ విలువ తెలియాలంటే ముందు నీళ్ల సంగతి చూడాలి. ఆవిరి ఇంజను దారి పొడవునా వేల లీటర్ల నీళ్లు తాగుతూ, ఆవిరిగా వదిలేస్తూ పోతుంది. తాగునీటికే కటకటపడే నేల మీద అది చిన్న భారం కాదు. ఆల్కో ఇంజనులో 1,210 లీటర్ల నీళ్లు ఇంజనుకూ రేడియేటర్‌కూ మధ్య తిరుగుతూనే ఉంటాయి. కారిపోతే తప్ప తరగవు.

ఈ యంత్రం పుట్టింది అమెరికాలోని షెనెక్టడీలో పేరుమోసిన అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ, అంటే ఆల్కోలో. ఆవిరి ఇంజన్ల తయారీలో తిరుగులేని ఆ కంపెనీ డీజిల్‌లో మాత్రం తడబడింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో హడావిడిగా తెచ్చిన 244 అనే ఇంజను కొన్నవాళ్లను బాగా ఇబ్బంది పెట్టింది. ఆ దెబ్బతో ఇంజనీర్లు 1949లో కొత్త ఇంజను పని మొదలుపెట్టారు. అదే 251. 1950ల మధ్యలో పట్టాలెక్కింది. మంచి ఇంజనే, కానీ పోయిన మార్కెట్ తిరిగి రాలేదు. 1969లో కంపెనీ రైలింజన్ల తయారీ ఆపేసింది.

కన్నవాళ్లు చేతులెత్తేసినా ఇంజను బతికింది. బతికించినవాళ్లలో మనమే ముందున్నాం. 1962లో ఇదే 251 ఉన్న డబ్ల్యూడీఎం-2 రకం రైలింజన్లు అమెరికా నుంచి మన దేశానికి వచ్చాయి. వారణాసి డీజిల్ కర్మాగారంలో తయారైన మొదటి ఇంజనును 1964 జనవరిలో లాల్ బహదూర్ శాస్త్రి జాతికి అంకితం చేశారు. ఆ తర్వాత అక్కడ ఈ ఒక్క రకమే రెండున్నర వేలకు పైగా తయారయ్యాయి. ఇంకో ముచ్చట. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన శాటర్న్-5 రాకెట్‌ను ప్రయోగ వేదిక దాకా మోసుకెళ్లిన నాసా క్రాలర్ వాహనంలో ఉన్నవీ ఈ 251 కుటుంబపు ఇంజన్లే.

ఇక లోపలికి వెళ్దాం. అటు ఎనిమిది, ఇటు ఎనిమిది, మొత్తం పదహారు సిలిండర్లు. ఒక్కో సిలిండరు అడ్డం 228.6 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ ఆడే దూరం 266.7 మిల్లీమీటర్లు. అంటే ఒక్క సిలిండరు ఘనపరిమాణమే దాదాపు 11 లీటర్లు. డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని పన్నెండున్నర వంతుల్లో ఒక వంతుకు నొక్కితే అది డీజిల్‌ను మండించేంత వేడెక్కుతుంది. అందులోకి సన్నటి తుంపరగా చిమ్మిన డీజిల్ దానంతటదే అంటుకుంటుంది. పూర్తి వేగంలో ఇంజను తిరిగేది నిమిషానికి 1,000 చుట్లే. అయినా అన్ని సిలిండర్లలో కలిపి నిమిషానికి 8,000 సార్లు మంట రేగుతుంది. అలా పుట్టే శక్తి 2,600 హార్స్‌పవర్.

ఆ శక్తి నేరుగా చక్రాలకు అందదు. ఇంజను జనరేటర్‌ను తిప్పుతుంది, జనరేటర్ కరెంటు ఇస్తుంది, ఇరుసులకు అమర్చిన ఆరు మోటార్లు బండిని లాగుతాయి. ఘాట్‌లో అసలు పరీక్ష ఈ మోటార్లకే. బరువైన గూడ్స్ ఎగువకు నెమ్మదిగా పాకుతున్నప్పుడు మోటార్లు ఎక్కువ కరెంటు లాగుతాయి. ఇంజనులో సత్తా మిగిలే ఉన్నా మోటారులోని తీగచుట్లు వేడెక్కిపోతాయి. పట్టా తడిగా ఉంటే చక్రాలు పట్టు వదిలి ఉన్నచోటే తిరుగుతాయి, అందుకే చక్రాల ముందు ఇసుక వదిలే ఏర్పాటు ఉంటుంది. దిగేటప్పుడు లెక్క తిరగబడుతుంది. డైనమిక్ బ్రేక్ ఉన్న ఇంజన్లలో ఆ మోటార్లే జనరేటర్లుగా మారి బండి వేగాన్ని కరెంటుగా మారుస్తాయి. ఆ కరెంటు నిరోధక తీగల్లో వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది.

నల్లపొగకూ ఒక కారణముంది. డ్రైవర్ నాచ్ (వేగపు మెట్టు) పెంచగానే ఇంధనాన్ని నియంత్రించే గవర్నర్ డీజిల్ ఎక్కువ పంపుతుంది. అది పూర్తిగా కాలడానికి కావలసిన గాలిని ఇవ్వాల్సింది టర్బోచార్జర్. దాన్ని తిప్పేది ఇంజను వదిలే వేడి వాయువులే కాబట్టి అది వేగం పుంజుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఈలోగా సగం కాలిన డీజిల్ మసిగా బయటికొస్తుంది. కాసేపటికి తగ్గే పొగ ఈ ఇంజను స్వభావం. తగ్గకుండా వస్తూనే ఉంటే అది జబ్బు.

జబ్బు పట్టుకోవడంలో డీజిల్ షెడ్డు ప్రయోగశాల పనితనం నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. ఇంజనులోంచి కొద్దిగా లూబ్ ఆయిల్ తీసి అందులో ఏ లోహం ఎంత కలిసిందో కొలుస్తారు. వైద్యుడికి రక్తపరీక్ష ఎలాగో షెడ్డుకు ఇది అలాగ. రాగి, సీసం పెరిగితే బేరింగ్ అరుగుతోంది. ఇనుము, క్రోమియం పెరిగితే సిలిండర్ లోపలి గొట్టమైన లైనరో, పిస్టన్ రింగులో అరుగుతున్నాయి. శీతలీకరణ నీటిలో కలిపే రసాయనాల నుంచి వచ్చే సోడియం, బోరాన్ కనిపిస్తే నీళ్లు ఆయిల్‌లోకి కారుతున్నాయి. సిలికాన్ కనిపిస్తే గాలి ఫిల్టర్ దాటి దుమ్ము లోపలికి పోతోంది. ఎండాకాలం పొడవునా దుమ్ము రేగే మన మెట్టదారుల్లో ఈ చివరి లెక్క మీద కన్నేసి ఉంచాల్సిందే. నలిగిన ఇసుక లైనర్‌ను అరగదీసినంతగా మరేదీ అరగదీయదు.

ఆల్కోకు లోపాలు లేవనడం లేదు. ఆయిల్ కారుతుంది. ఊరికే నిలబడి తిరిగినా గంటకు పాతిక లీటర్ల దాకా డీజిల్ తాగుతుంది. ఆపేద్దామంటే, బ్యాటరీలు నీరసిస్తే మళ్లీ స్టార్ట్ కాదేమోనన్న భయం. ఆగి ఉన్నప్పుడు సిలిండర్‌లోకి నీళ్లు కారితే ఇంకా ప్రమాదం. నీళ్లు గాలిలా నలగవు కాబట్టి స్టార్ట్ చేయగానే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. అందుకే సిలిండర్లకుండే టెస్ట్ కాక్‌లు తెరిచి, ఇంజనును చేత్తో తిప్పి, చుక్క నీరు రాలేదని చూశాకే స్టార్ట్ చేయాలన్నది నియమం.

మరి దీని మీద నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? నా సమాధానం ఒక్కటే: విప్పి బిగించే వీలు. ఏ సిలిండర్‌కు ఆ సిలిండర్ హెడ్ విడిగా వస్తుంది. లైనర్‌ను బయటికి లాగవచ్చు. పక్క మూతలు తీస్తే బేరింగుల దాకా చేయి వెళ్తుంది. ఒక సిలిండర్ పాడైతే మిగిలిన పదిహేనింటి జోలికి పోనక్కర్లేదు. ట్రిప్ తనిఖీ, నెలవారీ, ఏడాది షెడ్యూళ్లు తప్పకుండా చేసిన గుత్తి, గుంతకల్లు లాంటి షెడ్ల కార్మికులే ఈ ఇంజనుకు ఆయుష్షు పోశారు. ఆ గట్టి పునాది మీదే ఇంజనీర్లు ఇంజెక్షన్ పంపునూ టర్బోనూ మెరుగుపరిచి, అవే పదహారు సిలిండర్లతో 3,100 హార్స్‌పవర్ రాబట్టారు.

ఇప్పుడు ఈ మార్గమంతా విద్యుదీకరణ అయింది. నల్లమల అడవికి పొగ బెడద తగ్గడం మంచిదే. పాత ఆల్కోలు తుక్కుకు పోతున్నాయి. రైల్వే అధికారులకు ఒక విన్నపం. ఒక్క ఇంజనునైనా మార్కాపురం రోడ్‌లోనో గిద్దలూరులోనో నిలబెట్టండి. ఒక సిలిండర్‌ను నిలువుగా కోసి పిస్టన్, లైనర్, నాజిల్ కనిపించేలా పక్కన పెట్టండి. ఈ చుట్టుపక్కల బడుల పిల్లలూ, ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివేవాళ్లూ వచ్చి చూసి నేర్చుకుంటారు.