రుద్రమదేవి: సినిమా చెప్పిన కథ, శాసనాలు చెప్పే కథ

రుద్రమదేవి పేరు తెలియని తెలుగిల్లు ఉండదు. ఆవిడ గురించి ఏం తెలుసని అడిగితే మాత్రం చాలామంది చెప్పేది 2015లో వచ్చిన సినిమా కథే. సినిమాతో నాకు పేచీ లేదు. కాకపోతే రాళ్ల మీద చెక్కి ఉన్న రుద్రమ అంతకన్నా గడుసుమనిషి.

అపోహ: ఆమె ఆడపిల్లని రాజ్యంలో ఎవరికీ తెలియదు.

ఈ కథకు మూలం లేకపోలేదు. ఆమె తండ్రి, కాకతీయ రాజు గణపతిదేవుడికి సింహాసనం ఎక్కే కొడుకు లేడు. కూతురినే వారసురాలిగా నిలబెట్టాడు. శాసనాల్లో ఆమె చాలాచోట్ల ‘రుద్రదేవ మహారాజు’గానే కనిపిస్తుంది. ధర్మశాస్త్రాల్లో కూతురిని కొడుకు స్థానంలో నిలిపే పద్ధతి ఒకటుంది. గణపతిదేవుడు దాన్నే పాటించాడని చరిత్రకారుల అభిప్రాయం. అంటే అది బహిరంగంగా జరిగిన ఏర్పాటు, దాచిన రహస్యం కాదు. అసలు దాచడం ఎలా కుదురుతుంది? ఆమెకు నిడదవోలు చాళుక్య వీరభద్రుడితో పెళ్లయింది, కూతుళ్లున్నారు. పెళ్లిపందిట్లో పెళ్లికూతురిగా కూర్చున్న మనిషిని లోకం యువరాజనుకుందంటే నమ్మేదెలా?

దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత ఇంగ్లండులో మొదటి ఎలిజబెత్‌ది మరో దారి. తల్లి ఆన్ బొలీన్‌ను 1536లో తల నరికించిన తండ్రే, ఆ పిల్లను అక్రమ సంతానమని చట్టం చేయించాడు. 1554లో అక్క మేరీ ఆమెను లండన్ టవర్‌లో ఖైదు చేయించింది. రుద్రమకు ఆ అవస్థ లేదు. 1260 ప్రాంతం నుంచే తండ్రి పక్కన కూర్చుని రాజ్యం చేసింది.

అపోహ: సవతి తమ్ముళ్లు హరిహరదేవుడు, మురారిదేవుడు తిరగబడితే అణచివేసింది.

ఇది ‘ప్రతాపచరిత్ర’ కథ. ఆ పుస్తకం కాకతీయులు పోయి చాలాకాలమయ్యాక పుట్టింది. ఆ ఇద్దరి పేర్లూ చెప్పే సమకాలీన శాసనం ఒక్కటీ లేదు.

అపోహ: ఆమె పాలనంతా కత్తి మీదే నడిచింది.

యుద్ధాలు లేవని కాదు. ‘రాయగజకేసరి’ అన్న బిరుదు ఊరికే రాలేదు. దేవగిరి యాదవుల మంత్రి హేమాద్రి మాత్రం, ఆడదని జాలిపడి మా మహాదేవరాజు రుద్రమను వదిలేశాడని రాసుకున్నాడు. బీదర్ కోటలో దొరికిన శాసనం చూస్తే ఆమె సామంతుడే అక్కడ ఉన్నాడు! జాలి ఎవరు ఎవరి మీద చూపారో పాఠకులే తేల్చుకోవచ్చు.

అయినా ఆమె తెలివంతా మనుషులను ఎంచుకోవడంలో ఉంది. తరతరాలుగా పాతుకుపోయిన సామంత కుటుంబాల మీదే ఆధారపడకుండా, పెద్ద వంశం అండ లేని యోధులను నాయకులుగా పైకి తెచ్చింది. వాళ్లకు కొన్ని ఊళ్ల ఆదాయం అప్పగిస్తారు. బదులుగా వాళ్లు రాజుకు సైన్యాన్ని పోషించి పెట్టాలి. నాయంకర పద్ధతి అంటే ఇదే. మనవడు ప్రతాపరుద్రుడు దీన్ని ఇంకా విస్తరించాడు. ఎలిజబెత్ పాలన గుప్పెడుమంది మంత్రులున్న ప్రీవీ కౌన్సిల్ మీద, నలభై ఏళ్లు అంటిపెట్టుకున్న విలియం సెసిల్ మీద నడిచింది. రుద్రమకు అలాంటి ఒక్క సెసిల్ కాదు, ఊరూరా నాయకులు కావలసి వచ్చింది.

ప్రజలకేం ఒరిగిందంటారా? గుంటూరు జిల్లా మల్కాపురం శాసనం (1261) చదవాలి. గణపతిదేవుడు గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి మందడం గ్రామం ఇస్తానన్నాడు. కూతురు ఆ మాట నిలబెట్టి, వెలగపూడిని కూడా కలిపి ఇచ్చింది. ఆ ఆదాయంతో గుడి, మఠం, వేదశాస్త్రాలు చెప్పే పాఠశాల, సత్రంతోపాటు ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడిచాయి. వైద్యుడికి, లెక్కలు రాసే కాయస్థుడికి కూడా అందులో జీవనం ఏర్పాటు చేశారు. ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఇప్పుడున్నది ఆ వెలగపూడిలోనే.

అపోహ: మోటుపల్లి అభయశాసనం ఆమెదే.

కాదు, 1244 నాటి ఆ శాసనం తండ్రి గణపతిదేవుడిది. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాగేసుకునేవారు. ఇకమీదట సుంకం తప్ప ఇంకేమీ ముట్టబోమని హామీ ఇచ్చాడు.  మోటుపల్లి రేవు పేరుతోనే మార్కో పోలో ఈ రాజ్యాన్ని ‘ముత్ఫిలి’ అన్నాడు. రాణి న్యాయబుద్ధిని, ఇక్కడి సన్నబట్టలను మెచ్చుకున్నాడు. కానీ ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అని రాశాడు. పైగా అతను ఈ తీరం వైపు వచ్చేసరికే ఆమె లేదు.

అపోహ: తిరగబడ్డ సామంతుడు అంబదేవుడితో పోరులో నేలకొరిగిందని శాసనమే చెబుతోంది.

నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్లలో 1289 నవంబర్ నాటి శాసనం ఉంది. రుద్రమ సేనాని మల్లికార్జున నాయకుడి కొలువులోని పువ్వుల ముమ్మడి, కాకతి రుద్రమదేవి, తన ఏలిక మల్లికార్జునుడు ఇద్దరూ శివలోకం చేరారని చెప్పి, వారి పుణ్యం కోసం సోమనాథ దేవుడికి భూమి ఇచ్చాడు. అంతవరకే ఉంది. యుద్ధం మాట లేదు, అంబదేవుడి పేరూ లేదు. రాణి, సేనాని ఒకేసారి పోయారు కాబట్టి యుద్ధమే అయివుంటుందని పండితులు ఊహించారు. కాయస్థ వంశపు అంబదేవుడు అప్పటికే ఎదురుతిరిగి ఉన్నాడు కాబట్టి అది బలమైన ఊహే. అయినా ఊహే.

అపోహ: ఆమెతో ఆడవాళ్ల వారసత్వానికి దారి పడింది.

పడలేదు. ముమ్మడమ్మ, రుద్రమ, రుయ్యమ అని ముగ్గురు కూతుళ్లున్నా వాళ్లెవరికీ గద్దె దక్కలేదు. ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడిని రుద్రమ దత్తత తీసుకుంది. 1289లో ఓరుగల్లు సింహాసనం అతనికే వెళ్లింది.