ఎత్తెక్కితే వేడా? ఆగితే వేడా?

చేవెళ్ల వైపు నుంచి కారులో పట్నం వెళ్లే రైతులకు ఇది కొత్త కాదు. టోలిచౌకి, షేక్‌పేట దాకా గేజి ముల్లు సగంలోనే ఉంటుంది. ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు చేరేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి! 'బండి పాతబడింది' అని సరిపెట్టుకుంటాం. అలా వదిలేయకండి. ముల్లు ఎక్కడ పైకి పోయిందో గుర్తుపెట్టుకుంటే సగం రోగం తెలిసినట్టే.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పెరిగి, బండి కదిలి గాలి తగలగానే దిగుతోందా? అనుమానం ఫ్యాను మీదే. ఫిల్మ్‌నగర్‌లో షూటింగులకు వచ్చే జనరేటర్ బండిని చూడండి. నిలబడిన చోటే గంటల తరబడి నడుస్తుంది, ఎదురుగాలి ఉండదు, ఫ్యానే దిక్కు. ఆగిన కారుదీ అదే పరిస్థితి. ఇంజను నడుస్తుండగా ఏసీ వేస్తే చాలా కార్లలో ఫ్యాను తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, వైర్లు, ఆ తర్వాత మోటారు చూపించండి. ఇంజను ఆపినా ఫ్యాను ఉన్నట్టుండి తిరగొచ్చు, చేతులు దూరంగా ఉంచండి.

ఎత్తెక్కేటప్పుడో, హైవే మీద వేగంలోనో వేడెక్కితే ఫ్యాను తప్పు కాకపోవచ్చు. నీళ్లు తగ్గాయి, లేదా సరిగా తిరగడం లేదు, లేదా రేడియేటర్ పూడింది. కళ్లాల దగ్గర తిరిగే బండి అయితే ముందు జాలీ చూడండి. పొట్టు, పురుగులు పట్టేసి ఉంటాయి. ఇంజను వైపు నుంచి బయటికి మెల్లగా నీళ్లు కొట్టాలి. జోరుగా కొడితే పలచటి రేకులు వంగిపోతాయి.

లోపలి పూడిక మరీ చెడ్డది. మీ డ్రిప్ రంధ్రాలను మూసేసిన ఆ బోరు నీళ్లే రేడియేటర్ గొట్టాల్లోనూ తెల్లగా పేరుకుంటాయి. డ్రిప్‌కు వాడే యాసిడ్ మాత్రం ఇందులో పోయకండి, అల్యూమినియాన్ని తినేస్తుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం పోయించండి. కలిపి అమ్మే కూలెంట్ అయితే నీళ్లు అక్కర్లేదు.

ముల్లు ఎర్రగీత దగ్గరున్నా రేడియేటర్ కింది హోసు చల్లగా ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోకపోయి ఉండొచ్చు. దాన్ని విప్పించి గిన్నెడు నీళ్లలో వేడిచేయండి. చాలావాటికి 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలవ్వాలి. మన షెడ్లలో 'తీసి పారేద్దాం సార్' అంటారు. ఒప్పుకోవద్దు. ఇంజను చల్లగా నడిచి ఆయిలు ఎక్కువ తాగుతుంది, అరుగుతుంది. కొన్ని ఇంజన్లలో వేడినీళ్లు రేడియేటర్‌కు పోకుండానే వెనక్కి తిరిగి ఇంకా వేడెక్కుతాయి.

బయట ఎక్కడా లీకు లేకుండా నీళ్లు తగ్గుతున్నాయా? పొగగొట్టం నుంచి తెల్లటి ఆవిరి ఆగకుండా వస్తోందా? ఆయిల్ పాలకాఫీలా మారిందా? హెడ్ గాస్కెట్ పోయి ఉండొచ్చు. ఇక నడపకండి, లారీ మీద ఎక్కించండి. ఆ ఖర్చు తక్కువే.

దారిలో ఆవిరి వస్తే ఇంజను ఆపండి. ఇంకా ఆవిరి రాక, ముల్లు పైకి పాకుతుంటే ఏసీ కట్టేసి హీటర్ పూర్తిగా తిప్పండి. మీకు చెమట పట్టినా ఇంజను వేడి కొంత దిగుతుంది. మూత మాత్రం కనీసం అరగంట ముట్టుకోకండి. 0.9 బార్ ఒత్తిడి మూత కింద నీరు 118 డిగ్రీల దగ్గరగానీ మరగదు. మూత తిప్పగానే ఒక్కసారిగా ఎగిసి ముఖం కాలుతుంది. ఇంకో మోసం ఉంది. నీళ్లన్నీ పోతే సెన్సారుకు నీరు తగలక ముల్లు కిందికి పడొచ్చు. చల్లబడిందని బయల్దేరితే ఇంజను పట్టేస్తుంది.

పాత కూలెంట్‌ను పెరట్లో పారబోయకండి. తియ్యగా ఉంటుంది, కుక్కలూ పశువులూ తాగుతాయి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ మూత్రపిండాలను దెబ్బతీసి చంపుతుంది. డబ్బాలో పట్టి, మూత బిగించి షెడ్డుకే ఇవ్వండి.