సంచకరువు ఇచ్చి ఫోను కొనుట

మామిడి తోటలు పూతపట్టగానే బేరగాండ్రు నూజివీడు చుట్టుపట్ల గ్రామములలో తిరుగుట మన విద్యార్థులందరును ఎరిగినదే. కాయ కంటికి కానరాకమునుపే బేరము కుదురును. కొంత సొమ్ము సంచకరువుగా చేతికి వచ్చును. అటుపిమ్మట తేనెమంచు పురుగు పట్టినను, గాలివానకు పిందె రాలినను, ఆ నష్టమెవరిదను ప్రశ్న బేరమునాటి షరతులను బట్టియే తేలును. అందుచేతనే మన పెద్దలు ధర ఒక్కటియే అడుగక, మిగిలిన సొమ్ము ఎప్పుడు వచ్చును, పంట పోయిన ఎవరు భరింతురు అని కూడ అడుగుదురు.

క్రొత్త స్మార్టుఫోను అంగడికి రాకమునుపే సొమ్ము కట్టి పేరు వ్రాయించుకొనుట నేడు వాడుకయైనది. అదియు పూత మీది బేరమే. అయితే ఒక భేదము కలదు. తోట బేరమున సంచకరువు పుచ్చుకొనువారము మనము. ఫోను బేరమున ఇచ్చువారము మనము. కావున తోట విషయమున మనకున్న జాగ్రత్త ఇచ్చట ఇంకను ఎక్కువ కావలెను.

ఫోనును అమ్ము విధములు ముఖ్యముగా మూడు: రొక్కమునకు అమ్ముట, నెలసరి వాయిదాలకు అమ్ముట, టెలిఫోను కంపెనీతో ఒడంబడిక చేయించి అమ్ముట. ఈ మూడవది అమెరికాలో చాలకాలము సాగినది. 2008 జూలైలో ఐఫోను 3జి అచ్చట 199 డాలర్లకే విడుదలయ్యెను. ఆ సంవత్సరమే ఆగష్టు 22వ తేదీన ఎయిర్‌టెల్, వొడాఫోను కంపెనీలు మన దేశమున దానినే 31,000 రూపాయలకు అమ్మజూపెను. నాటి మారకపు రేటున 199 డాలర్లు తొమ్మిది వేల రూపాయలకు లోపే గాన, మనవారిని మోసగించుచున్నారని పలువురు తలచిరి. కాని అమెరికాలో కొన్నవాడు రెండేండ్లపాటు ఒకే కంపెనీకి నెలకు సుమారు 70 డాలర్లు చెల్లింపవలెను. ఇరువది నాలుగు నెలలకు అది 1,680 డాలర్లు. మొదటి 199 కలిపిన 1,879. తక్కువ ధర యనునది ఆ బేరమునకు మొదటి మెట్టు మాత్రమే. మన దేశమున ఇట్టి ఒడంబడికలు వేరూనలేదు. ఇచ్చట ఫోను ఒకచోట కొని, సిమ్ము మరియొకచోట తీసికొనుట వాడుక. 2011 జనవరి 20 మొదలు దేశమంతటను నంబరు మార్చకయే కంపెనీని మార్చుకొను సదుపాయమును కలిగినది. ఇది మనకు గొప్ప స్వాతంత్ర్యము; కొద్దిపాటి తగ్గింపునకు ఆశపడి దీనిని విడువరాదు.

సంచకరువు కట్టించుకొన్న బేరములు మన దేశమునను జరిగినవి. 2016 ఫిబ్రవరిలో ఫ్రీడమ్ 251 అను స్మార్టుఫోనును 251 రూపాయలకే ఇత్తుమని ప్రకటింపగా జనులు విరగబడి పేర్లు వ్రాయించుకొనిరి. చేరినది బహు కొద్దిమందికే. 2017 ఆగష్టు 24న జియోఫోను అను మీటల ఫోనునకు 500 రూపాయలు ముందుగా కట్టించుకొనిరి. ఫోను అందునపుడు మరి 1,000 కట్టవలెను. ఆ 1,500 రూపాయలును మూడేండ్లకు ఫోను తిరిగి ఇచ్చినచో వాపసు చేయుదుమనిరి. కాని ఏటేట కనీసము 1,500 రూపాయల రీఛార్జి చేయవలెనను షరతు కలదు. మొదటిదానియందు వస్తువే సందేహము. రెండవదానియందు వస్తువు నిజమే గాని షరతు పూర్తిగా చదివినవానికే బేరము తెలియును.

ఇక వాయిదాల సంగతి. ఒక లెక్క చూతము. ఫోను వెల 24,000 రూపాయలనుకొందము. ఒక వర్తకుడు ఫలాని బ్యాంకు కార్డుతో రొక్కముగా కట్టినచో 2,000 తగ్గించి 22,000కు ఇచ్చును. మరియొక వర్తకుడు వడ్డీ లేని వాయిదాలని చెప్పి, నెలకు 2,000 చొప్పున పండ్రెండు నెలలు కట్టుమనును. అది 24,000. అప్పు కాగితముల ఖర్చు 500, దానిపై నూటికి 18 వంతున జి.ఎస్.టి. 90. ఫోను పగిలినచో బాగుచేయుటకు బీమా అని 1,500. మొత్తము 26,090 రూపాయలు. రెంటికిని భేదము 4,090. వడ్డీ అను మాట ఎచ్చటను లేదు. కాని వదులుకొన్న తగ్గింపే దాని మారువేషము. సున్న వడ్డీ యనునది లేనే లేదని, వడ్డీని ఇతర రుసుములలో దాచుచున్నారని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరు 17న బ్యాంకులకు స్పష్టముగా వ్రాసినది.

మన ప్రాంతపు కుటుంబములకు ఇందు మరియొక చిక్కు కలదు. మామిడి రైతునకు సొమ్ము వేసవి నాలుగు నెలలలోనే వచ్చును. వాయిదా మాత్రము పండ్రెండు నెలలును వచ్చును. కార్తీకమున ఖాతాలో సొమ్ము లేక వాయిదా తప్పినచో అప్పిచ్చినవారు వేరుగ, బ్యాంకువారు వేరుగ అపరాధ రుసుము వేయుదురు. అంతేకాక 300 మొదలు 900 వరకు లెక్కించు సిబిల్ అంకె తగ్గును. రేపు బిడ్డ చదువునకు అప్పు కోరి పోయినపుడు బ్యాంకువారు చూచునది ఆ అంకెనే. జీతగాండ్రకు అనువైన వాయిదా తోటవానికి అనువు కాకపోవచ్చును.

అంగడిని ఎన్నుకొనుటలోను విచక్షణ కావలెను. ఇంటర్నెట్టు వర్తకుల యొద్ద ధర తరచుగా తక్కువ. ఫోను చెడినపుడు అడుగుటకు ఎదుట మనిషి యుండడు. ఊరి దుకాణములో ధర కొంత ఎక్కువైనను మరునాడు పోయి అడుగవచ్చును. గత సంవత్సరము మా పెద్దమ్మాయికై ఒక దుకాణమున నేను 2,000 రూపాయలు సంచకరువు కట్టితిని. చెప్పిన దినమున, మేము కోరిన రకము రాలేదు, ఎక్కువ వెల దానిని తీసికొనుడని చెప్పిరి. నా యొద్దనున్న చీటిలో సొమ్ము మాత్రమే వ్రాసియుండెను. వాపసు మాట లేదు. నాలుగు సార్లు తిరిగిన పిమ్మట, మూడు వారములకు సొమ్ము చేతికి వచ్చెను. తప్పు వారిది కొంత, చదువక చీటి పుచ్చుకొన్న ఉపాధ్యాయునిది కొంత.

కావున సంచకరువు కట్టకమునుపు ఈ సంగతులు కాగితముపై వ్రాయించుకొనవలెను: ఫోను పేరు, రకము, రంగు, మొత్తము వెల, అందజేయు తేదీ, ఆలస్యమైనను, మనము వలదనుకొన్నను సొమ్ము ఎన్ని దినములలో వాపసు, పాత ఫోనునకు ఎంత కట్టుదురు. ఫోను చేతికి వచ్చినపుడు జి.ఎస్.టి. బిల్లు తీసికొని, *#06# నొక్కగా కనబడు పదునైదు అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య బిల్లులోని దానితో సరిపోవునో లేదో చూడవలెను. 2020 నాటి నిబంధనల ప్రకారము ఇంటర్నెట్టు వర్తకులు వాపసు, వారంటీ, అందజేత వివరములను కొనువానికి ముందే తెలియజేయవలెను. వివాదము వచ్చినచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

అన్నిటికంటె సులభమైన ఉపాయము వేచియుండుట. విడుదలనాటి ధర దసరా అమ్మకముల నాటికి తరచుగా తగ్గును. ముందుగా కొన్నవానికి దక్కునది కొన్ని వారముల వేడుక. అందుకు తగిన వెల ఎంతయో ఎవరికి వారే నిర్ణయించుకొనవలెను.

విద్యార్థులారా, క్రొత్త ఫోను కావలెనని ఇంట అడుగునపుడు ఒక కాగితము, ఒక పెన్సిలు కూడ తీసికొనిపొండు. మొదటి రూపాయి మొదలు చివరి వాయిదా వరకు మీరే కూడి, ఆ మొత్తమును తలిదండ్రుల ఎదుట పెట్టుడు. పూత చూచి మురిసిపోక, ఎంత కాయ చేతికి వచ్చునో లెక్కవేయగలవాడే తోట బేరమున నెగ్గును. ఫోను బేరమునకు వేరు విద్య అక్కరలేదు.