అరికాలి మంట తగ్గిందని సంబరపడొద్దు

పగలంతా సెనక్కాయ చేలో తిరిగినా తెలియదు. రాత్రి మంచమెక్కినాక అరికాళ్లు సుర్రుమని మండుతాయి. చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు ఉంటుంది. తనకల్లు పక్క మన మెట్టరైతులు 'వేడి చేసిందిలే' అని మజ్జిగ తాగి ఊరుకోవడం కద్దు.

చాలామందిలో ఇది వేడి కాదు, నరాల జబ్బు. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. నడుము నుంచి కాలివేళ్ల దాకా పోయే నరాలే ఒంట్లో అన్నిటికన్నా పొడవు. బోరు కాలువలో చివరి మడి ముందు ఎండినట్టు, వేళ్ల కాడే మొదట చెడుతుంది. రెండు కాళ్లకూ మొదలై పైకి పాకుతుంది.

అసలు ప్రమాదం మంట కాదు. కొన్నేళ్లకు మంట దానంతటదే తగ్గిపోవచ్చు. నయమైందనుకుంటాం. నిజానికి స్పర్శ పోయి ఉండొచ్చు. అప్పుడు తుమ్మముల్లు దిగినా తెలీదు, మెట్టు కాలి నుంచి జారిపోయినా తెలీదు. పుండు చీముపట్టి వాసన వచ్చినాక గాని ఇంట్లోవాళ్లు కనిపెట్టరు. వేలితో మొదలై పాదం తీసేసేదాకా పోవచ్చు. కాలు పోతే మడక పట్టేదెవరు? భూమి గుత్తకివ్వాల్సిందే.

అందుకే కాల్చిన ఇటుకతో కాపడం, వేన్నీళ్లలో కాళ్లు ముంచడం మానాలి. బొబ్బలెక్కినా తెలియదు గదా! రోజూ రాత్రి కాళ్లు కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడిచి, అద్దం పెట్టి అరికాలు చూసుకోవాలి. చూపు ఆనకుంటే మనవడిని చూడమనండి. మడమలకు కొబ్బరినూనె రాయొచ్చు, సందుల్లో వద్దు. చేలోకి వట్టికాళ్లతో పోవద్దు. మెట్లు దులిపి తొడగండి.

మందుల షాపులో అడిగి కొనే నొప్పిమాత్రలు దీనికి పెద్దగా పనిచేయవు, పైగా మూత్రపిండాలకు చేటు. అమిట్రిప్టిలిన్, గబాపెంటిన్, ప్రీగాబలిన్ వంటివి డాక్టరు రాస్తేనే వాడాలి. మగత వస్తుంది, ట్రాక్టరు తోలేవాళ్లు జాగ్రత్త. ఇవి నొప్పిని అణుస్తాయే గాని నరాన్ని బాగుచేయవు. చక్కెర అదుపులో ఉంటేనే జబ్బు ముదరకుండా ఉండేది. సంగటి తింటే చక్కెర పెరగదనేది సగం నిజమే. ముద్ద పెద్దదైతే రాగి అయినా పెంచుతుంది.

అన్నీ షుగర్ వల్లే అనుకోవద్దు. సారా అలవాటు, బి12 లోపం కూడా కారణాలే. మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్లుగా మింగేవాళ్లు బి12 సంగతి డాక్టరును అడగాలి. స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉంటే కుష్ఠు కావచ్చు. దానికి మందులు సర్కారు ఆసుపత్రిలో ఉచితం. నడుము నుంచి ఒక్క కాలికే సలుపు దిగితే అది వెన్నుపూస తగాదా కావచ్చు.

30 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగర్ పరీక్ష ఉచితంగా చేస్తారు. పాదంలో పుండు, నలుపు, వాపు కనిపిస్తే మాత్రం సెనక్కాయ పెరికేదాకా ఆగకండి. ఆ రోజే కదిరి ఏరియా ఆసుపత్రికి బస్సెక్కండి.