ఆంగ్ల సైనిక ఖడ్గము: కాలనిర్ణయ పద్ధతి

1611లో ఆంగ్ల కంపెనీ నౌక రేపల్లెకు సమీపమునగల నిజాంపట్టణపు రేవును చేరినది. 1788లో గుంటూరు సర్కారు కంపెనీ యధీనమైనది. కావున తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములందు ఏ పాతయింటనైనను ఆంగ్లఖడ్గమొకటి కనబడినచో వింత లేదు. దాని కాలనిర్ణయమునకు వంశకథ తోడ్పడునే కాని, తుదిప్రమాణము కాజాలదు. ఖడ్గముననున్న గుర్తులే ప్రమాణమని మా యభిప్రాయము.

మొదట పిడిని చూడవలెను. పదాతిదళాధికారుల ఖడ్గములకు 1822లో ఒక నమూనా ఆమోదింపబడినది. చేతికి రక్షణగానుండు దాని ఇత్తడి కమ్ములనడుమ రాజనామాక్షరములు కిరీటముతోఁ గూడి యుండును. జి.ఆర్. అనునవి జార్జి రాజులకును, డబ్ల్యూ.ఆర్. విలియమునకును (1830-37), వి.ఆర్. విక్టోరియారాణికిని (1837-1901) చెందును. కంపెనీ యధికారుల ఖడ్గములు కొన్నిటిపై వీనికి బదులు కిరీటమును పట్టిన సింహముండును.

పిమ్మట అలుగును పరిశీలింపవలెను. 1822 నమూనాలో అలుగు వెన్ను గొట్టమువలె గుండ్రముగా నుండెడిది. 1845లో దానిని మార్చి, చదునైన వెన్నును, ప్రక్కల వెడల్పైన గాడియుఁ గల యలుగును ప్రవేశపెట్టిరి. 1892లో అలుగు వంపులేక నిటారైనది.

ఈ రెండు సాక్ష్యములను కలిపి చూచినప్పుడే ఫలము సిద్ధించును. ఒక ఖడ్గము 1788నాఁటిదని యింటివారు చెప్పుదురనుకొందము. పిడిపై వి.ఆర్. ఉన్నచో అది 1837కు పూర్వపుది కానేరదు. వెన్ను గొట్టమువలె నున్నచో సుమారు 1837-45 నడిమిదని చెప్పవచ్చును. అధికారులు తమ ఖడ్గములను సొంతముగాఁ గొనెడివారు. పాత యలుగునకు క్రొత్త పిడి తొడిగించుటయుఁ గలదు. కావున ‘సుమారు’ అను మాటను విడువరాదు. నమూనా సంవత్సరము ఆమోదము పొందిన సంవత్సరమే కాని, ఆ ఖడ్గము తయారైన సంవత్సరము కాదు.

విల్కిన్సన్ సంస్థవారి ఖడ్గమైనచో అలుగు వెన్నుపై, పిడిదాపున, సంఖ్య యుండవచ్చును. 1850ల మధ్యనుండి ఆ సంస్థ యుంచిన పుస్తకముల సాయమున ఆ సంఖ్యనుబట్టి సంవత్సరమును తెలిసికొనవచ్చును.

విజయదశమినాఁడు ఆయుధపూజకై చింతపండుతో, ఇటుకపొడితో తోమినచో లోతులేని యీ చెక్కడములు క్రమముగా నరిగిపోవును. అవి పోయిన పిదప మిగులునది కథ మాత్రమే. కావున పరిశోధకులు ముందుగా ఛాయాచిత్రములు తీసి, కొలతలు వ్రాసికొని, తోమవలదని యింటివారికిఁ జెప్పవలెను. కాలనిర్ణయము తరువాతి పని.