బెత్తము, బాకీ, ఓర్పు



"పంతులుగారూ, కన్నులు రెండు విడిచి తక్కిన దేహమంతయు మీ యిష్టము" అని పిల్లవానిని బడిలో అప్పగించు ఆచారము మన అమలాపురము ప్రాంతమున వెనుక నుండెడిది. దెబ్బ లేకపోవుటచేతనే పిల్లలకు బాధ్యత తెలియకున్నదని నేటికిని కొందరు నాతో అనుచుందురు. ముప్పది యేండ్లకు పైగా పాఠములు చెప్పినవాడను గనుక ఈ విషయమై నాలుగు మాటలు విన్నవించెదను.

పూర్వపు బడుల తీరునకు మంచి సాక్ష్యమొకటి కలదు. తెలుగు వ్యాకరణము వ్రాసిన కాంబెల్ దొర బళ్లారి కలెక్టరుగా నుండి, 1823లో తన జిల్లా బడులను గూర్చి ప్రభుత్వమునకు నివేదిక పంపెను. అందు తెలుగు బడులు 226. ఉదయము ఆరుగంటలకు మొదట వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు వ్రాసెడివారట. రెండవవానికి సున్న, మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, ఆపై వచ్చిన కొలది ఒక్కొక్కటి హెచ్చు. సోమరులకు కోదండము, గుంజిళ్లు. అయితే పెద్దపిల్లలు చిన్నవారి చదువు చూచుచుండిరనియు అందే కలదు. ఇట్టి పద్ధతినే ఆండ్రూ బెల్ మదరాసు అనాథ బాలుర పాఠశాలలో నడపి, 1797లో లండనునందు ప్రకటింపగా, అది "మదరాసు పద్ధతి" యను పేర ఇంగ్లండున వ్యాపించెను.

ఈ రెండింటిలో బాధ్యత నేర్పునది ఏది? దెబ్బ తినిన బాలుడు తన బాకీ తీరినదనుకొనును; రాని ఎక్కము రానట్లే యుండును. చిన్నవానికి ఎక్కము చెప్పవలసిన బాలుడో, తాను ముందు నేర్వక తప్పదు.

ఓర్పనగా చూచియు చూడకుండుట కాదు. పదమూడవ ఎక్కము రానివానికి ఈ పూట నాలుగు వరుసలే యిచ్చి, రేపు తప్పక అప్పగింపజేయుట ఓర్పు. అప్పగింపనిచో మరునాడు మరల అడుగవలెను. గురువు గడువిచ్చును గాని బాకీని కొట్టివేయడు.

2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము, 17వ సెక్షనున, దెబ్బనే గాక మనసు నొప్పించు వేధింపును గూడ నిషేధించినది. బెత్తము పోయిన చోట ఈ అప్పగింత నిలువనిచో బడిలో మిగులునది అలక్ష్యమే. మన రైతు కొబ్బరిమొక్క నాటి కాపునకై ఏండ్లు వేచియుండును. కాయలేదని కొట్టడు, నీరు పెట్టుటయు మానడు.

కావున సాయంకాలము మనుమడు ఇల్లు చేరినప్పుడు "పంతులుగారు కొట్టిరా?" అని అడుగవలదు. "నేడు ఏది రాలేదు? ఎప్పుడు అప్పగించెదవు?" అని అడుగుడు. మరునాడు, అప్పగించితివా యని మరువక అడుగుడు.