చిన్న దుకాణం సైటుకు ఇంత హంగెందుకు?

బళ్లారి తాలూకా రూపనగుడిలాంటి ఊళ్లో విత్తనాల దుకాణానికి వెబ్‌సైట్ పెట్టాలనుకుందాం. తీసే వేళలు, ఫోన్ నంబరు, ఏ విత్తనం ఎంతకు దొరుకుతుందో తెలుగులోనూ కన్నడంలోనూ కనిపిస్తే చాలు. వట్టి హెచ్‌టీఎంఎల్‌తో ఒకటి రెండు రోజుల్లో తెమిలే పని. 1991లో టిమ్ బెర్నర్స్-లీ సెర్న్‌లో పెట్టిన మొదటి వెబ్‌సైట్ అలాంటిదే. దాని పాత ప్రతి ఈనాటి ఫోన్లోనూ తెరుచుకుంటుంది. ఇప్పుడు అదే పనికి రియాక్ట్, నోడ్, మోంగోడీబీ, వాటిని మోయడానికి డాకర్ వచ్చి కూర్చుంటున్నాయి. అలా కట్టిన చాలా సైట్లలో ‘వ్యూ సోర్స్’ నొక్కి చూస్తే ‘రూట్’ అనే ఖాళీ డివ్, ఒక స్క్రిప్టు తప్ప దుకాణం పేరు కూడా ఉండదు. ఆ స్క్రిప్టంతా దిగి, ఫోను దాన్ని నడిపితే గానీ ధర కనబడదు. పొలం గట్టు మీద, అంతంతమాత్రం సిగ్నల్‌తో, చవక ఫోన్లో చూసే రైతే ఆ ఆలస్యాన్ని భరించాలి.

డెవలపర్లకు సులువైన దారి తెలియక కాదు, ఆ దారిన పోతే వాళ్లకు ఒరిగేదేమీ లేదు. హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ఉండేది ఈ పరికరాలన్నీ కలిపి నేర్పే ఫుల్‌స్టాక్. ఉద్యోగ ప్రకటనలు అడిగేదీ అదే. రెజ్యూమేలో నాలుగు మామూలు పేజీలు చూపిస్తే ఇంటర్వ్యూకు పిలుపు రావడం కష్టం. అందుకే ప్రతి చిన్న పనీ తర్వాతి ఉద్యోగానికి సాధనైపోతోంది. ఫేస్‌బుక్ 2013లో బయటపెట్టిన రియాక్ట్, డాకర్ కంటెయినర్లను సంభాళించడానికి గూగుల్ 2014లో ఇచ్చిన కుబర్నెటీస్ మహా సంస్థల అవసరాల్లోంచి పుట్టాయి. వాటిని చిన్న దుకాణాలకూ తగిలించడంలో సైట్లు కట్టే కుర్రాళ్ల కంటే, పనికొచ్చిందా అని అడక్కుండా పరికరాల పేర్లు లెక్కబెట్టి ఉద్యోగాలిచ్చేవాళ్ల తప్పే ఎక్కువని నా అభిప్రాయం.

రేపు ఆన్‌లైన్ ఆర్డర్లు కావాలంటే ఏం చేస్తారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. లాగిన్లు, చెల్లింపులు, స్టాకు లెక్కలు వచ్చిన రోజున డేటాబేస్ తప్పదు. ఆ రోజే చేర్చుకోవచ్చు. పెద్ద పనికైనా అల్లిక ఎక్కువుంటేనే మేలనుకోనక్కర్లేదు. అమెజాన్ ప్రైమ్ వీడియోలో వీడియో నాణ్యతను కనిపెట్టే జట్టు, విడివిడి సర్వీసులను ఒకే ప్రోగ్రాంగా కలిపేస్తే ఖర్చు 90 శాతానికి పైగా తగ్గిందని 2023లో చెప్పింది. రెడీమేడ్ ప్యాకేజీలతో పని త్వరగా అవుతుందన్న మాటా నిజమే, మొదటి నెలకు. 2016 మార్చిలో ‘లెఫ్ట్-ప్యాడ్’ అనే 11 లైన్ల ప్యాకేజీని రాసినాయన వెనక్కు తీసుకుంటే, దాని మీద ఆధారపడ్డ ఎన్నో ప్రాజెక్టులు ప్రపంచమంతటా ఆగిపోయాయి. పెద్ద కంపెనీల్లో అలాంటివి గంటల్లో సరిచేసే మనుషులుంటారు. ముంగారి విత్తనాల ధరలు మారేసరికి, సైటు కట్టిన కుర్రాడు బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లిపోయి ఉంటే, దుకాణదారు ఒక్క అంకె మార్పించుకోవడానికి ఎవరిని పట్టుకోవాలి?